లాగే బలం చూశాం, ఆపే బలం ఎప్పుడు చూస్తాం?

కొంచెం పెద్ద రాతే. ఓపిక చేసుకుని చివరిదాకా చదవండి. చదివాక తిట్టాలనిపిస్తే తిట్టండి. కానీ వచ్చే సమావేశానికి ముందే చదవండి.

విషయం ఇది. ఏప్రిల్ 15 దగ్గరికొస్తోంది. ఆ రోజు నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో మరబోట్ల వేట బంద్. మన బోట్లకు అతుకులు, రంగులు, ఇంజిన్ పనులు అన్నీ ఆ రెండు నెలల్లోనే. ఈసారి సంఘం డబ్బుతో రెండో గూస్‌నెక్ ట్రైలర్ చేయిద్దామని, డీజిల్ పికప్‌కు తగిలించి బోట్లన్నీ హైవే మీద పనిచోటుకు లాగిద్దామని ప్రతిపాదన వచ్చింది. సంఘంలో కొందరం దాన్ని వ్యతిరేకిస్తున్నాం. గుసగుసగా కాదు, అందరి ముందూ వ్యతిరేకిస్తున్నాం. కారణాలు కూడా అందరి ముందే చెబుతాం.

ముందుగా మా తప్పు ఒప్పుకుంటాం. మొదటి ట్రైలర్ వెల్డింగ్ షాపు నుంచి వచ్చిన రోజు కొబ్బరికాయ కొట్టింది మేమే. దాని మెడకు పూలదండ వేసి ఫొటో తీసింది మేమే. "సోనేపూర్ సింహం" అని రాసి ఇదే పేజీలో పెట్టింది మేమే. ఆ ఫొటోకు వచ్చిన లైకులు ఈ సంఘం పెట్టిన ఏ రక్తదాన శిబిరానికీ రాలేదు. ఆ రోజు మాలో ఒక్కడు కూడా "దీనికి బ్రేకులున్నాయా?" అని అడగలేదు.

తెలియని వాళ్ళ కోసం రెండు ముక్కలు. మామూలు ట్రాలీని బండి వెనక కొక్కేనికి తగిలిస్తాం. గూస్‌నెక్ అలా కాదు. గూస్ అంటే పెద్ద బాతు లాంటి పక్షి. ట్రైలర్ ముందు భాగం బాతుమెడలా పైకి లేచి, పికప్ వెనక తలుపు మీదుగా వంగి, తొట్టి లోపలికి దిగుతుంది. అక్కడ వెనక ఇరుసుకు దాదాపు నేరుగా పైన ఒక ఇనుప గుండు ఉంటుంది. మెడ ఆ గుండు మీద కూర్చుంటుంది. బరువు బండి తోకకు వేలాడకుండా ఇరుసు మీద పడుతుంది కాబట్టి ట్రైలర్ తోక ఊపడం తగ్గుతుంది. ఆలోచన మంచిదే. మేము ఆ ఆలోచనను తప్పు పట్టడం లేదు. మనం చేయించింది ఆ ఆలోచనను కాదు, దాని ఆకారాన్ని మాత్రమే. అదే మా గొడవ.

ఆకారం ఎక్కడి నుంచి వచ్చిందో అందరికీ తెలుసు. ఫోన్లో చూసిన అమెరికా వీడియోల నుంచి. అక్కడ ఒక్క పికప్ వెనక రెండు ట్రాక్టర్లు, ముప్పై గేదెలు, గడ్డి మోపుల కొండ. చూస్తే నోరు తెరుచుకుంటుంది. అయితే ఆ బండి ఏమిటో కూడా చూడాలి గదా. ఫోర్డ్ ఎఫ్-450 లాంటి డీజిల్ పికప్‌కు గూస్‌నెక్‌తో 40,000 పౌండ్ల దాకా, అంటే సుమారు 18 టన్నులు లాగొచ్చని కంపెనీయే రాసి ఇచ్చింది. దాని ఇంజిన్ 6.7 లీటర్లు. వెనక ఇరుసుకు రెండు పక్కలా జంట టైర్లు. గుండు బిగించేది తొట్టి రేకుకు కాదు, కింద ఉన్న ఛాసిస్‌కు. వీడియోలో కనపడనిది ఇంకొకటుంది. ట్రైలర్ చక్రాలకు సొంత బ్రేకులుంటాయి. డ్రైవరు పెడల్ తొక్కితే ట్రైలర్ కూడా తనంతట తాను ఆగుతుంది. పొరపాటున ట్రైలర్ ఊడిపోతే, దాని మీదున్న చిన్న బ్యాటరీ దాని బ్రేకులు పట్టేస్తుంది. ఇంతా చేసి, వ్యాపారానికి నడిపేవాడి ట్రైలర్ 10,000 పౌండ్లు దాటి, మొత్తం జోడీ 26,001 పౌండ్లకు చేరితే, అంటే పన్నెండు టన్నుల దరిదాపుకొస్తే, పెద్ద లారీల లైసెన్సు తీసుకోమంటారు అక్కడ. మనవాళ్ళు వీడియోలో గేదెలను లెక్కపెట్టారు. బ్రేకులను లెక్కపెట్టలేదు.

ఇప్పుడు మన సింహం సంగతి. నాలుగు చక్రాలు, చానల్ ఇనుము, యాంగిల్ ముక్కలు, పాత కమాన్ పట్టీలు. గుండును తొట్టి అడుగు రేకు మీద ఒక ప్లేటు పెట్టి బోల్టులతో బిగించారు. ఆ రేకు కూరగాయల బస్తాలు మోయడానికి వేసింది, టన్నుల గుంజుడు కోసం కాదు. చక్రాలకు బ్రేకులు సున్నా. వెనక లైట్లకు ఒక వైరు లాగారు. అదీ ఉప్పుగాలికి మూడో నెలలోనే తుప్పు పట్టింది.

పోయిన మే నెలలో ఏమైందో పేటలో అందరికీ తెలుసు. బయట ఉన్నవాళ్ళ కోసం చెబుతాం. తెల్లవారుజామున బోటు ఎక్కించుకుని పికప్ బయలుదేరింది. ముందురోజు రాత్రి వాన పడింది. బోటు అడుగున నీళ్ళున్నాయి. బిరడా తీసి నీళ్ళు వదిలే తీరిక ఎవరికీ లేకపోయింది. తాళ్ళు పట్టుకుంటామని ఇద్దరు కుర్రాళ్ళు బోటులోనే కూర్చున్నారు. హైవే ఎక్కాక ముందు పోతున్న ఆటో ఉన్నట్టుండి ఆగింది. మన డ్రైవరు బ్రేకు తొక్కాడు. పికప్ ఆగబోయింది. వెనకున్న బరువు ఆగలేదు. మెడ పట్టుకుని పికప్ వెనక భాగాన్ని పక్కకు నెట్టేసింది. బండి అడ్డం తిరిగింది, ట్రైలర్ రోడ్డు పక్క పల్లంలోకి ఒరిగింది. ఒక కుర్రాడు అవతలికి దూకి బతికిపోయాడు. రెండోవాడి కాలు బోటు అంచుకూ యాంగిల్‌కూ మధ్య ఇరుక్కుంది.

వాడికి ఇరవై రెండేళ్ళు. రెండు ఆపరేషన్లయ్యాయి. ఇప్పుడు ఒడ్డున కూర్చుని వలలు అల్లుతున్నాడు. అలలో బోటు తోసి ఎగిరి ఎక్కాలంటే రెండు కాళ్ళూ కావాలి గదా. వాళ్ళమ్మ మా ఎదురుపడినప్పుడల్లా "బాగున్నారా బాబూ" అని అడుగుతుంది. ఒక్క మాట అనదు. ఆవిడ అనకపోవడమే మాకు పెద్ద శిక్ష.

ఆ రోజు మేమేం చేశాం? అందరం కలిసి డ్రైవరు మీద పడ్డాం. నిద్రపోయాడన్నాం. తాగాడన్నాం. తాగలేదని తేలాక స్పీడుగా పోయాడన్నాం. కేసు వాడి మీదే, తిరుగుళ్ళు వాడివే. ట్రైలర్ చేయించిన సంఘం మీద గానీ, బోటు ఎక్కించిన యజమాని మీద గానీ ఒక్క మాట పడలేదు. వారం తర్వాత ఎవరికో బుద్ధి పుట్టి ట్రైలర్‌నూ బోటునూ కాటా ఎక్కించారు. నీళ్ళన్నీ ఒలికిపోయాక, మనుషులెవరూ లేకుండా, 3,120 కిలోలు. తగిలించిన నాటి నుంచి ఒక్కసారి కూడా కాటా చూడని బండిని ప్రమాదమయ్యాక తూకం వేశాం. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

ఇప్పుడు లెక్కకు రండి. సంఘంలో "బండి సులువుగా లాగేస్తోంది, ఇంకేం కావాలి?" అంటున్నారు. లాగుతుంది. డీజిల్ ఇంజిన్ తక్కువ చుట్ల దగ్గరే బలంగా గుంజుతుంది, అది దాని గుణం. సెకండ్ గేరులో వేస్తే ఇంకో టన్ను వేసినా కదులుతుంది. కానీ బ్రేకులు ఆ ఇంజిన్‌ను చూసి పెట్టినవి కావు, ఆ బండి బరువును చూసి పెట్టినవి. బండి బరువు మూడు టన్నులు అనుకుందాం. దాని వెనక బ్రేకుల్లేని మూడు టన్నులు తగిలిస్తే, ఆపాల్సింది ఆరు టన్నులు, ఆపే బ్రేకులు మాత్రం అవే. బరువు రెట్టింపై బ్రేకు బలం అంతే ఉంటే, ఆగే దూరం రెట్టింపవుతుంది. 50 కిలోమీటర్ల వేగంలో బ్రేకు పట్టాక పదహారు మీటర్లలో ఆగే బండి ముప్పై రెండు మీటర్లు పోతుంది. తొక్కాలని తోచేలోపు పోయే పద్నాలుగు మీటర్లు దీనికి అదనం. ఇక వేగం సంగతి. 40 నుంచి 60కి పెంచితే వేగం ఒకటిన్నర రెట్లే పెరుగుతుంది గానీ, బ్రేకులు మింగాల్సిన శక్తి రెండుంబావు రెట్లవుతుంది. ఇందులో డ్రైవరు ఎంత గట్టివాడన్నది ఎక్కడా లేదు. మనిషి కాలికి నైపుణ్యం ఉండొచ్చు. టైరుకూ తారుకూ మధ్య పట్టుకు నైపుణ్యం ఉండదు.

రెండో లెక్క. గూస్‌నెక్‌లో ట్రైలర్ బరువులో అయిదో వంతు దాకా తొట్టి మీద పడుతుంది. మూడు టన్నులకు 600 కిలోలు. ఆ పైన తొట్టిలో మనం ఎక్కించేవి చూడండి. ఎనిమిది మంది మనుషులు, తలకు 60 కిలోలు వేసుకున్నా 480. వలలు, ఇంజిన్, డీజిల్ క్యాన్లు కలిపి ఇంకో 400. మొత్తం 1,480. బండి కాగితాల మీద మోసే బరువు 1.3 టన్నులు. అంటే ట్రైలర్ సంగతి పక్కన పెట్టినా, పికప్ ఒక్కటే చూసుకున్నా దాటిపోయాం. "ట్రైలర్ మీదున్న బరువు ట్రైలర్‌ది, మన బండిది కాదు" అనేవాళ్ళు ఈ 600 కిలోలకు ఏం జవాబు చెబుతారు?

అసలు మన పికప్ కంపెనీ పుస్తకంలో ట్రైలర్ ఎంత బరువుదాకా లాగొచ్చో రాసి ఉందా? పుస్తకం తెరిచి చూశారా ఎవరైనా? రాయలేదంటే ఎంతైనా లాగొచ్చని కాదు. ఆ పనికి మేము పూచీ కాదు అని.

మూడోది, మాకు అన్నిటికంటే సిగ్గనిపించేది. ఇదంతా మనకు తెలియని విద్య కాదు. సముద్రం మీద మన తాతల నాటి నుంచి చేస్తున్నదే. అమరంలో బరువెక్కువైతే అణియం లేచిపోతుందని మన పదేళ్ళ పిల్లాడు చెబుతాడు. అణియం లేస్తే చుక్కాని మాట వినదనీ చెబుతాడు. బండి కూడా అంతే. వెనక కుంగితే ముందు చక్రాలు తేలిపోతాయి, స్టీరింగు తిరిగినా బండి తిరగదు. బోటు అడుగున నీళ్ళు చేరితే ముందు నీళ్ళు తోడతాం, ఆ తర్వాతే వల తీస్తాం. ఎందుకు? ఆ నీళ్ళు ఒక పక్కకు పరిగెడితే బోటు తిరగబడుతుందని. మరి అదే బోటును రోడ్డు ఎక్కించేటప్పుడు ఆ తెలివి ఎక్కడికి పోయింది? ఆరు మీటర్ల పొడవు, మీటరు వెడల్పున జానెడు నీళ్ళంటే 1,200 లీటర్లు. అంటే 1.2 టన్నులు. అది బస్తాలా ఒక చోట కూర్చునే బరువు కాదు. బ్రేకు వేస్తే ముందుకు, తిప్పితే పక్కకు పరిగెత్తే బరువు. గంగమ్మ దగ్గర భయం, భక్తీ రెండూ ఉన్నాయి మనకు. తారురోడ్డు దగ్గర రెండూ లేవు.

చట్టం మాట కూడా చెప్పుకుందాం. కాగితాలు ఒడియాలోనో ఇంగ్లీషులోనో ఉంటాయి, మన పెద్దలు చదివేది తెలుగు. అందుకే సంఘమే తెలుగులో చెప్పాలి. మోటారు వాహనాల చట్టం 1988లో వచ్చింది. అది కేంద్ర చట్టం. గిరిసోల చెక్‌పోస్టుకు ఇటుపక్కా అదే, ఇచ్ఛాపురం వైపూ అదే. ఆ చట్టంలో ట్రైలర్ అంటే ఏమిటో వేరుగా రాసి ఉంది. ముందు భాగం లాగే బండి మీద కూర్చుని, కొంత బరువు ఆ బండే మోసేదాన్ని సెమీ ట్రైలర్ అంటారని కూడా రాసి ఉంది. మన బాతుమెడ అదే. 61వ సెక్షన్ ప్రకారం ట్రైలర్లకూ రిజిస్ట్రేషన్ ఉంది. మన దానికి నంబరు లేదు, కాగితం లేదు, బీమా లేదు. వెల్డింగ్ షాపు చీటీ ఒక్కటే ఉంది.

113వ సెక్షన్ రిజిస్ట్రేషన్‌లో రాసిన బరువు దాటి బండి నడపకూడదంటుంది. దాటితే 194వ సెక్షన్. 2019 సవరణ తర్వాత 20,000 రూపాయలు, ఆ పైన ప్రతి అదనపు టన్నుకూ 2,000. బండి ఆపి తూకానికి రమ్మంటే రాకపోతే 40,000. ఇవి భయపెట్టడానికి రాయడం లేదు. అక్కడున్న ఒక్క మాట కోసం రాస్తున్నాం. ఆ శిక్ష నడిపినవాడికి మాత్రమే కాదు. నడిపించినవాడికీ, నడపనిచ్చినవాడికీ కూడా. అంటే చట్టం మనల్ని కూడా చూస్తోంది. పోయిన మే నెలలో మనమంతా వేలు చూపించిన ఆ డ్రైవరు వెనక వరసగా నిలబడాల్సినవాళ్ళం మనమే.

కొందరు తమ్ముళ్ళు సుప్రీంకోర్టు తీర్పు చూపిస్తున్నారు. 2024 నవంబరు 6న వచ్చిన తీర్పు నిజమే. మొత్తం బరువు 7,500 కిలోలు దాటని రవాణా బండ్లను మామూలు లైట్ వెహికల్ లైసెన్సుతో నడపొచ్చంది. అది లైసెన్సు గురించి. బ్రేకుల్లేని, నంబరు లేని ట్రైలర్ తగిలించుకోవచ్చని అందులో లేదు. లైసెన్సు బండి నడపడానికిస్తారు, తూకం తప్పడానికి కాదు.

ఇక మాకు ఎదురు చెప్పే మాటలు. వాటిలో న్యాయం లేదని మేము అనడం లేదు.

"లారీ, క్రేన్ కిరాయి ఎక్కడి నుంచి తెస్తాం? వేట లేని రెండు నెలలు పొయ్యి వెలగడమే కష్టం." ఇది నిజమైన మాట. ఈ మాట అనేవాళ్ళు సోకులకు అనడం లేదు, మాకు తెలుసు. కానీ ఆ కుర్రాడి రెండు ఆపరేషన్లకు పేటంతా చందా వేసుకున్నాం. కొన్ని ఇళ్ళల్లో పుస్తెలు తాకట్టుకెళ్ళాయి. ఆ లెక్క పుస్తకం సంఘం దగ్గరే ఉంది. వచ్చి చూడండి. ఒక్కసారి అయిన ఆ ఖర్చు పక్కన మూడేళ్ళ లారీ కిరాయి పెట్టి చూడండి. చవక అనుకున్నది చవక కాదు. ఆ ఖర్చు ఒక్క ఇంటి మీద పడింది కాబట్టి మిగతా ఇళ్ళకు చవకగా కనిపించింది.

"ట్రాక్టర్ ట్రాలీలకు బ్రేకులున్నాయా? ఊరంతా నడుపుతున్నారు గదా?" అవును, నడుపుతున్నారు. రాత్రిపూట వెనక దీపం లేని ట్రాలీకి గుద్దుకుని పోయినవాళ్ళు ఏ ఊళ్ళో లేరో చెప్పండి. పక్కవాడి తప్పు మన తప్పుకు లైసెన్సు కాదు. ఇసుకలో, పేట వీధిలో ట్రాక్టరు నడక వేగంతో బోటు లాగితే మేమేమీ అనడం లేదు. అక్కడ ఆగాలంటే ఒక అడుగు చాలు. ఎనభైలో బస్సులూ పదహారు చక్రాల లారీలూ పోయే 16వ నంబరు హైవే వేరు.

"తుఫాను వస్తే ఏం చేస్తారు? అప్పుడు కాగితాలు వెతుక్కుంటారా?" ఇది అన్నిటికంటే గట్టి ప్రశ్న. 2013 అక్టోబరు 12న ఫైలిన్ మన గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస వైపు దాటింది. ఆ రాత్రులు ఎవరూ మర్చిపోలేదు. కానీ తుఫానుకు బోట్లు తీసుకెళ్ళేది ఎంత దూరం? ఒడ్డు నుంచి మెరకకు. ఆ పనికి ట్రాక్టరు, దుంగలు, నలభై మంది చేతులు. హైవే ఎక్కాల్సిన పని లేదు. తుఫాను పేరు చెప్పి మే నెలలో బరంపురం రోడ్డు మీద అరవైలో పోవడానికి అనుమతి అడగకండి.

"మరి అసలైన గూస్‌నెక్, బ్రేకులు పెట్టి, రిజిస్టర్ చేయించి తెస్తే?" తెస్తే మేమే మళ్ళీ కొబ్బరికాయ కొడతాం. కానీ అప్పుడు దాన్ని లాగడానికి ఈ పికప్ సరిపోదు. ఆ బరువు లాగొచ్చని కాగితం ఉన్న బండి కావాలి. ఆ రెండూ కొనే డబ్బు సంఘం దగ్గర లేదన్న సంగతి ప్రతిపాదన పెట్టినవాళ్ళకు మాకంటే బాగా తెలుసు. అందుకే మళ్ళీ అదే వెల్డింగ్ షాపు. "ఈసారి ఇనుము మందంగా వేయిద్దాం" అంటున్నారు. ఇనుము మందమైతే ట్రైలర్ ఇంకా బరువెక్కుతుంది. బ్రేకు రాదు.

వద్దు అని ఊరుకుంటే అది సంఘం పని కాదు. కాబట్టి మా మాట కూడా వినండి.

ఒకటి. బోటును పనివాడి దగ్గరికి మోయడం మానేసి, పనివాణ్ణి బోటు దగ్గరికి తెద్దాం. ఫైబర్ అతుకుకు కావలసింది మ్యాటు, రెసిన్, గట్టిపడే మందు, సానపట్టే మిషను, పొడి చోటు. ఇవన్నీ కలిపి పికప్ తొట్టిలో సగం కూడా నిండవు. రెండో ట్రైలర్‌కు అనుకున్న డబ్బుతో మెరక మీద ఒక రేకుల షెడ్డు వేద్దాం. కరెంటు లాగుదాం. మిస్త్రీకి రెండు నెలలు బస, భోజనం పేటే చూసుకుంటుంది. పికప్‌కు ఏ పని కోసం ప్రాణం పోశారో ఆ పనే చెబుదాం. తొట్టిలో సరుకు, కాగితం మీదున్న బరువులోపు. మన కుర్రాళ్ళు ఇద్దరు ముగ్గురు మిస్త్రీ పక్కన నిలబడితే ఆ పని కూడా వస్తుంది. సూరత్ రైలెక్కే ముందు ఒక్కసారి ఆలోచించుకోవడానికి ఒక కారణం దొరుకుతుంది.

రెండు. కొన్ని బోట్లు ఎలాగూ రోడ్డెక్కాలి. అటువైపు కొన్న పాత బోటు తేవాలి, అమ్మినది పంపాలి. వాటికి తేదీలు కలిపి పెట్టుకుందాం. ఒకే రోజు ఒక క్రేను, బోటు పొడవుకు సరిపోయే లారీ. తొట్టి దాటి బోటు పొడుచుకొస్తే దానికీ చట్టంలో 20,000 ఉంది, కాబట్టి చిన్న లారీ వద్దు. కిరాయి నలుగురు యజమానులు పంచుకోవాలి. మోయలేని ఇంటికి సంఘం అప్పివ్వాలి, వడ్డీ లేకుండా.

మూడు. బోటు ఏ బండి ఎక్కినా బిరడా తీసి ఉండాలి. చుక్క నీరు ఉండకూడదు. బోటులో మనిషి ఉండకూడదు, ఒక్కడు కూడా. తాడు పట్టుకోవడానికి మనిషి కావాల్సి వస్తోందంటే అది సరిగ్గా కట్టలేదని. హైవే ఎక్కేముందు కాటా చీటీ సంఘం దగ్గరికి రావాలి. చీటీ లేని బోటుకు ఏమైనా అయితే సంఘం చందా వెయ్యదు. ఈ మాట రాయడం మాకు కష్టంగానే ఉంది. రాయకపోతే ఏం జరుగుతుందో చూశాం.

నాలుగు. ఆ డ్రైవరు కేసు ఖర్చులో సగం సంఘం పెట్టుకోవాలి. ఆ ట్రైలర్ చేయించింది మనం. అంత బరువు ఎక్కించింది మనం. ఆలస్యమైతే ఫోన్ చేసి తొందరపెట్టింది మనం. వాడి కాలు బ్రేకు మీద ఉంది, నిజమే. వాడి వెనక మనం పెట్టిన మూడు టన్నులున్నాయి.

అయిదు. సింహం ఇంకా వెల్డింగ్ షాపు వెనక తుప్పు పడుతోంది. దాన్ని బాగుచేయించి మళ్ళీ తెద్దామని ఎవరూ అనకముందే గ్యాస్ కట్టర్‌తో కోసి ఇనుప సామాను కొట్టుకు అమ్మేయాలి. వచ్చిన డబ్బు ఆ కుర్రాడి పేర బ్యాంకులో వెయ్యాలి. పెద్ద మొత్తం రాదు. వచ్చినంత చాలు.

మమ్మల్ని పిరికివాళ్ళంటారు, అనండి. అమావాస్య పోటులో బాహుదా మొగ దాటి బోటు తెచ్చినవాళ్ళం, పిరికితనం మాకు ఎవరూ అంటగట్టలేరు. మొగ దగ్గర అల సరిగ్గా లేకపోతే ఒడ్డునే ఆగిపోయేవాణ్ణి మన పేటలో ఏనాడూ పిరికివాడనలేదు. వాణ్ణి మంచి నావికుడన్నాం. వాడి వెంటే పిల్లల్ని పంపాం. రోడ్డు మీద మాత్రం ఆగమన్నవాడు ఎందుకు పిరికివాడయ్యాడో మాకు అర్థం కావడం లేదు.

సమావేశం ఆదివారం సాయంత్రం. రెండో ట్రైలర్‌కు చెయ్యెత్తాలనుకున్నవాళ్ళు దయచేసి ముందు ఒక పని చెయ్యండి. గట్టు మీద వల అల్లుతూ కూర్చున్న ఆ కుర్రాడి పక్కన ఒక పది నిమిషాలు కూర్చుని రండి. ఏమీ అడగక్కర్లేదు. వాడు దారం అందివ్వమంటే అందివ్వండి. ఆ తర్వాత వచ్చి చెయ్యెత్తండి, చూస్తాం.